జేజి పెరట్లో క్రిస్మస్ పిట్టలు

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన చెట్ల మొదళ్లకు సున్నం పూస్తున్నారు. ఇప్పుడు గోడలకు అందరూ డబ్బా రంగులే వేస్తారు కాబట్టి బెంగళూరులో ఆ వాసన తగిలి చాలా ఏళ్లయింది. స్కూటర్ ఆపి కాసేపు అక్కడే నిలబడ్డాను. సున్నం పూస్తున్న మనిషి కంగారుపడి, "బండికి అంటిందా సార్?" అని గుడ్డ తీసుకుని వచ్చాడు.

తడి సున్నం వాసన అంటే నాకు డిసెంబరు నెల, జమ్మలమడుగు, మా జేజి ఇల్లు. జేజి అంటే నాయనమ్మ. వాటి వెంటే పిట్టలు. సున్నానికీ పిట్టలకూ సంబంధం ఏమిటని మా ఆవిడ కూడా అడిగింది. సగం చెప్పేసరికి కుక్కర్ విజిల్ వేసింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

క్రిస్మస్‌కు వారం ముందు ఇంటికి సున్నం కొట్టించడం జేజికి నియమం. సున్నపురాళ్లు తెప్పించి పాత కాగులో వేసి నీళ్లు పోస్తే బుసబుసమని పొంగేవి. ఆవిరి చల్లారేదాకా పిల్లల్ని ఆ చాయలకు రానిచ్చేవాళ్లు కాదు. తర్వాత గుడ్డలో వడగట్టి, కొంచెం నీలిమందు కలిపేవాళ్లు. మాది మట్టిమిద్దె. కింద దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన మట్టి. వంటింట్లో వెలుతురుకూ పొగ పోవడానికీ ఒక గవాచి. దూలానికీ గోడకూ మధ్య ఎక్కడ సందుంటే అక్కడ పిచ్చుక గూడు. సున్నం కొట్టే ఆయన నిచ్చెన ఎక్కగానే జేజి కింద నిలబడేది.

"ఆ మూల వద్దబ్బా, పిల్లలు పెట్టిండాది."

ఆయనకు అది ప్రతి ఏడూ వినే మాటే. గూడు చుట్టూ జానెడు మేర వదిలేసి కొట్టేవాడు. అందుకే మా ఇల్లు ఏ పండక్కీ పూర్తిగా తెల్లబడలేదు. గోడల పైమూలల్లో పాత మరకలు అలాగే ఉండిపోయేవి. మా చిన్నత్తకు అది తలకొట్టేసినట్టు ఉండేది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పైకి చూస్తే పరువేం కావాలని గొణిగేది. "పిల్లను చూడమంటే పైకప్పు చూసేవానికి నేనే ఇయ్యను లే" అనేది జేజి.

మేము గుంతకల్లులో ఉండేవాళ్లం. నాయనది రైల్వే ఉద్యోగం. అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోవడం ఆలస్యం, అమ్మ ట్రంకుపెట్టె కిందికి దించేది. ప్యాసింజర్ బండిలో గుత్తి, తాడిపత్రి, కొండాపురం దాటి ముద్దనూరులో దిగి, అక్కడి నుంచి బస్సు. జమ్మలమడుగుకు రైలు అప్పుడెక్కడిది? నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య లైను వేసి బండి నడిపింది 2016లో. దాని కోసం కలలు కన్న మా నాయన, అది వచ్చేనాటికి రిటైరై ఎక్కడికీ కదలలేని స్థితిలో ఉన్నాడు.

ప్యాసింజర్ బండిలో మా ఆట పిట్టలే. పట్టాల వెంబడి టెలిగ్రాఫ్ తీగలు ఉండేవి. ఒక కిటికీ నాది, ఎదుటి కిటికీ చెల్లెలిది. తీగ మీద ఏట్రింత కనబడితే ఒక మార్కు, గద్దకు అయిదు, పాలపిట్టకు పది. ఏట్రింత అంటే తోక రెండుగా చీలిన నల్లపిట్ట. అవి ప్రతి రెండో స్తంభం దగ్గరా ఉండేవి, వాటితో మార్కులు పెరిగేవి కాదు. గొడవంతా పాలపిట్ట దగ్గరే. కూర్చున్నప్పుడు అది మట్టిరంగు పిట్ట. రెక్క విప్పితేనే ఆ నీలం బయటపడుతుంది. ఎగరనిదానికి మార్కులు ఇవ్వకూడదని చెల్లెలు, కూర్చున్నా పాలపిట్ట పాలపిట్టే అని నేను. నాయన పేపరు అడ్డం పెట్టుకుని, "టీసీని పిలుస్తా, ఆయన చెప్తాడు" అనేవాడు. ఆ తీగలన్నీ ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు ఆ దారిలో పోతే పాలపిట్టలు కరెంటు తీగల మీద కనబడతాయి గానీ, ఏసీ బోగీ అద్దంలోంచి వాటి నీలం తేలదు.

అప్పట్లో మన రాష్ట్ర పక్షి పాలపిట్టే. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే ఉంచుకుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది. ఈ వార్త చదివినప్పుడు జేజి గుర్తొచ్చి నవ్వొచ్చింది. జామకాయను సగం కొరికి కింద పారేసి ఇంకో కాయకు పోయే చిలకల మీద ఆమెకు ఎంత కోపమో! వాటికి రాష్ట్ర హోదా ఇచ్చారంటే కలెక్టరాఫీసు మెట్లెక్కి ఉండేది.

జేజి పెరడు పెద్దదేం కాదు. చేదబావి, దాని పక్కన నాపరాతి తొట్టి, ఒక జామ, ఒక దానిమ్మ, రెండు మునగచెట్లు, సీతాఫలం పొద, కరివేపాకు, మూలన ముసలి వేప. ప్రహరీ లేదు. మా వైపు చాలా ఇళ్లకు ఉన్నట్టే నాపబండలు నిలువుగా పాతిన కంచె. ఆ బండల నెత్తి మీద వాలని పిట్ట లేదు. దొడ్డివైపు కొట్టం, దానికి ఒకటే పొడుగాటి గోడ.

కడప జిల్లా అంటే ఎండలు తప్ప ఇంకేమీ లేదనుకుంటారు బయటివాళ్లు. డిసెంబరు తెల్లవారుజామున నాపబండ మీద ఉత్తకాలు పెట్టి చూడమనాలి వాళ్లను. ఆ చలిలో మా అబ్బ, అంటే తాత, మంకీక్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని, పెరటివైపు పంచలో నులకమంచం మీద కూర్చునేవాడు. బడిపంతులుగా రిటైరయ్యాడు గానీ గొంతులో బెత్తం అలాగే ఉండేది. మేము, మా పెద్దత్త పిల్లలు అందరం లేచీలేవకనే దుప్పట్లతో సహా ఆయన మంచం చుట్టూ చేరేవాళ్లం. జేజి ఇత్తడి గ్లాసుల్లో కాఫీ తెచ్చి ఇచ్చి, చాటలో నుంచి కొర్రనూకలు గుప్పెడు బావి చుట్టూ చల్లేది. పంచలో దంతెకు కొర్రకంకుల కుచ్చు ఒకటి ఎప్పుడూ వేలాడుతుండేది, అది పిచ్చుకల వాటా. "విత్తకపోయినా కోయకపోయినా తినేది మాత్రం బాగా తింటాయి" అని ఆదివారం ప్రసంగాన్ని తనకు కావలసినట్టు మలుచుకునేది. క్రిస్మస్‌కు పిట్టల కోసం ధాన్యపు కంకులు కట్టి ఇంటి బయట పెట్టే ఆచారం నార్వే, స్వీడన్ దేశాల్లో ఉందని పెద్దయ్యాక తెలిసింది. జేజి ఎవరినీ చూసి నేర్చుకోలేదు, వాళ్లమ్మ ఇంట్లోనూ అట్లే ఉండేదట.

"అరవగాకండి రా" అనేవాడు అబ్బ. "మనం వాటింటికి వచ్చినామనుకోండి."

అందరికంటే ముందు లేచేది ఏట్రింత. చీకటి ఉండగానే వేపచెట్టు చిటారు కొమ్మన మొదలుపెట్టేది. తర్వాత మసీదులో అజాన్. తర్వాత చర్చి గంట. కాకులు ఆ తర్వాతే. వెలుతురు పడేసరికి మునగపూల మీదికి తేనెపిట్టలు, పిగిలిపిట్టలు వచ్చేవి. పిగిలిపిట్టకు నెత్తిన నల్లటి కుచ్చు, తోక మొదట్లో కింద ఎర్ర మచ్చ. చెల్లెలు దాన్ని చూసి, కూర్చునేటప్పుడు కుంకుమ భరిణె మీద కూర్చుందని తీర్మానించింది. కరివేపాకులో కుట్టుపిట్ట ఉండేది. బొటనవేలంత ఒళ్లు, ఆ గొంతేమో మిషనాసుపత్రి దాకా వినబడేది. గోరింకలు జంటగా వచ్చి జంటగానే పోయేవి.

ఏడెనిమిది కలిసి వచ్చే మట్టిరంగు పిట్టలు ఇంకొకటి. నేల మీద ఆకులు తిరగేస్తూ, ఒకదానిమీద ఒకటి కేకలేసుకుంటూ పెరడంతా కలియదిరిగేవి. చిన్నత్త వాటికి 'పంచాయితీ పిట్టలు' అని పేరు పెట్టింది. వాటిలో ఏది సర్పంచో కనిపెట్టడానికి మేము చాలా ఉదయాలు ఖర్చుపెట్టాం.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది చలిపిట్ట. అది మేము పెట్టుకున్న పేరే. నల్లటి ఒళ్లు, కాషాయం రంగు పొట్ట. చలికాలంలోనే వచ్చేది. బండ మీద కూర్చుని తోక గజగజ వణికించేది. పాపం దానికి స్వెట్టర్ లేదని చెల్లెలు బాధపడేది. హిమాలయాల అవతల, టిబెట్ వైపు పుట్టి పెరిగే పిట్ట అదని, జమ్మలమడుగు చలి దానికి ఒక లెక్కే కాదని చాలాకాలం తర్వాత ఒక ఫొటో చూసి తెలుసుకున్నాను. తోక వణికించడం దాని అలవాటు, అంతే.

కోయిల సంగతి చెప్పాలి. జామచెట్టు ఆకుల్లో దాక్కుని, మాగిన కాయల్ని చప్పుడు లేకుండా తినే ఎర్రకళ్ల నల్లపిట్టను చూపించి, అబ్బ అది కోయిల అన్నాడు. మా పెద్దత్త కొడుకు ఒప్పుకోలేదు. కోయిలైతే కూయాలి కదా అని వాదించాడు.

"ఉగాది ముందరి నుంచి గదరా దాని పని. ఇప్పుడు దానికి సెలవలు, మీకు మాదిరే" అన్నాడు అబ్బ.

పిండివంటల రోజున పెరడు ఆడవాళ్లది. బావి దగ్గర పొయ్యి పెట్టి అమ్మ, అత్తలు కజ్జికాయలు, నిప్పట్లు చేసేవాళ్లు. మంచం మీద గుడ్డ పరిచి ఆరబోస్తే కాకుల కాపలా పిల్లలకు పడేది. కాకి ఎప్పుడూ ఒకటే వచ్చి మన కళ్ల ఎదుట నడుస్తుంది, రెండోది వెనకనుంచి కజ్జికాయ ఎత్తుకుపోతుంది. ఈ ఎత్తుగడ తెలిసి కూడా ప్రతిసారీ మోసపోవడమే. పెద్దత్త కొడుకు ఒక ఏడు క్యాటర్‌బాల్ చేసుకొచ్చాడు. అబ్బ దాన్ని తీసుకుని, రబ్బరు విప్పి, తన పాత గొడుగుకు కట్టుకున్నాడు. దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ గొడుగు విప్పినప్పుడల్లా వాడి మొహం చూడాలి.

పండగ రోజు చర్చి నుంచి వచ్చి, కోడిపులుసు, ఓళిగలు తిన్నాక మొదలయ్యేది లెక్క. కడుపులో కోడి, కళ్లకు పిట్టలు అని చిన్నాయన వెక్కిరించేవాడు. అబ్బ పొయ్యిలోంచి బొగ్గు ముక్క ఒకటి తీసి కొట్టం గోడ దగ్గర నిలబడేవాడు. దీపాలు పెట్టేదాకా పెరట్లోకి, పెరటి పైన ఆకాశంలోకి వచ్చిన ప్రతి జాతికీ ఒక గీత. కాకులు వంద వచ్చినా గీత ఒకటే. ఇరవై గీతలు దాటితే తలకు ఒక రూపాయి. చూసినవాడు ఒక్కడే అయితే చెల్లదు, ఇంకొకరు సాక్ష్యం చెప్పాలి. చిన్నాయన ఎవరికీ కనబడని గరుడపక్షుల్ని చూసేవాడు కాబట్టి ఆ నిబంధన పెట్టాల్సి వచ్చింది.

కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద బొగ్గు గీతలేమిటని జేజి ప్రతి ఏడూ తగువుకు వచ్చేది. మళ్లీ సంక్రాంతికి పేడ అలికినా ఆ గోడ జోలికి మాత్రం పోయేది కాదు. వచ్చే డిసెంబరుకు సున్నం పడి పోయిన ఏటి లెక్క లోపలికి వెళ్లిపోయేది, దాని మీద కొత్త లెక్క. అబ్బ దేన్నీ కాగితం మీద పెట్టలేదు.

అమెరికాలోనూ క్రిస్మస్ నాడు పిట్టల్ని లెక్కపెడతారని ఉద్యోగంలో చేరాక చదివాను. అంతకుముందు అక్కడ పండగ రోజు జట్లుగా తుపాకులు పట్టుకుని పోయి, ఎవరు ఎక్కువ కొడితే వాళ్లు గెలిచినట్టు ఆడేవాళ్లట. ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన చంపడం మాని లెక్కపెడదామని 1900 క్రిస్మస్ రోజున మొదలుపెట్టాడు. మొదటి ఏడు లెక్కకు వచ్చింది 27 మంది. మా కొట్టం గోడ దగ్గర కొన్ని పండగలకు అందులో సగం మంది ఉండేవాళ్లం, పక్కింటి పిల్లల్ని కలుపుకుంటే.

ఆ 1900వ సంవత్సరం మా జిల్లాల పిట్టల కథలో కూడా ఉంది. లండన్ మిషన్‌లో పనిచేసిన హోవర్డ్ క్యాంబెల్ అనంతపురం దగ్గర కలివికోడి అనే అరుదైన పిట్టను చూశాడు. ఆ తర్వాత అది ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే రాసుకున్నారు. 1986 జనవరిలో మా కడప జిల్లాలోనే, లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లె పక్కన అది మళ్లీ దొరికింది. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ వెతుకుతుంటే, అక్కడి మనుషులకు ఆ పిట్ట ముందే తెలుసు, పేరుతో సహా. అబ్బకు నచ్చింది ఈ భాగమే. పేపరు వార్త కత్తిరించి దాచిపెట్టి, క్రిస్మస్‌కు మేము రాగానే అందరి చేతా వంతులవారీగా చదివించాడు. 1988లో పోస్టల్ శాఖ దాని బొమ్మతో స్టాంపు వేస్తే, అది కొనుక్కొచ్చి పెట్టుకున్నాడు గానీ ఏ ఉత్తరానికీ అంటించలేదు.

ఆ వార్త చదివిన రాత్రి పెద్దత్త కొడుకు, నేను, చెల్లెలు చిన్నాయన టార్చి లైటు తీసుకుని పెరట్లోకి బయలుదేరాం. కలివికోడి రాత్రిపూటే తిరుగుతుందని పేపర్లో రాశారు కదా. అది కలివిపొదలూ ముళ్లకంపలూ ఉండే అడవిలో మాత్రమే ఉంటుందన్న ముక్క మేము పట్టించుకోలేదు. సీతాఫలం పొదలో ఏదో కదిలింది. "దొరికింది!" అని వాడు గావుకేక పెట్టాడు. ఇంటిల్లిపాదీ లేచి వచ్చారు. వెలుతురులో చూస్తే, రెండు రోజులుగా కనబడటం లేదని పక్కింటామె మా జేజితో మాట పట్టింపు పెట్టుకున్న కోడిపెట్ట, గుడ్ల మీద పొదిగి కూర్చుని ఉంది. ఆ క్రిస్మస్‌కు రెండిళ్ల మధ్య రాజీ కుదిర్చిన ఘనత కలివికోడిదే.

ఇక తెల్లపిట్ట. ఏ ఏడో చెప్పలేను. పండగకు ఒకటి రెండు రోజులు ముందు, సాయంత్రం. ఎండ బావిగట్టు మీదికి జారింది. తొట్టిలో నీళ్లు అంచు దాకా ఉన్నాయి. నేను, పెద్దత్త కొడుకు పంచలో కూర్చున్నాం. దానిమ్మ చెట్టు మీద తెల్లగా ఏదో రిబ్బను కదిలినట్టు అనిపించింది. క్రిస్మస్ స్టార్‌కు అంటించిన కాగితపు తోక ఎగిరిపోయి అక్కడ చిక్కుకుందనుకున్నాను. అంతలో అది గాల్లోకి లేచి ఒక పురుగును పట్టుకుని మళ్లీ అదే కొమ్మ మీదికి వచ్చింది. నల్లగా నిగనిగలాడే తల, నెత్తిన కుచ్చు, కంటి చుట్టూ నీలం వలయం, మిగతా ఒళ్లంతా తెలుపు. ఒంటికి రెండింతలున్న తోక, రెండే రెండు ఈకలు. అది ఎగిరితే ఆ ఈకలు ఒక క్షణం ఆలస్యంగా దాని వెనక వచ్చేవి.

ఎవరం మాట్లాడలేదు. అది కొమ్మ మీంచి తొట్టిలోకి దూకింది. నీళ్లను పొట్టతో ఇలా తాకి అలా లేచి కొమ్మ మీదికి. మళ్లీ దూకింది, మళ్లీ. స్నానం. అబ్బ ఎప్పుడు వచ్చాడో మా వెనకే నిలబడి ఉన్నాడు. నాపబండల మీద ఆయన చెప్పులు చప్పుడు చేయకపోవడం ఆ ఒక్కసారే. "తోక పిగిలిపిట్ట" అన్నాడు, చెవిలో చెప్పినట్టు. జేజి చూసి సిలువ గుర్తు వేసుకోబోయి, అది మన పద్ధతి కాదని గుర్తొచ్చి ఆగిపోయింది. మాది ప్రొటెస్టెంట్ కుటుంబం. చెల్లెలు మాత్రం అది దేవదూత అనే అంది, గొల్లలకు కనబడినదాంట్లో ఒకటి దారి తప్పి వచ్చిందని. మరునాడు సండేస్కూలు నాటకంలో తన అట్టరెక్కలు పనికిరావని, తెల్ల రిబ్బన్లతో తోక కావాలని ఏడ్చింది. ఆ ఏడు జమ్మలమడుగు చర్చిలో తోక ఉన్న దేవదూత ఒకరు కనిపించారు. పాస్టరు గారు నవ్వాపుకోలేక పాటల పుస్తకం అడ్డం పెట్టుకున్నారు.

ఆ పిట్ట చలికాలంలో ఉత్తరాది నుంచి దక్షిణానికి దిగుతుందనీ, మగపిట్టకు ఆ తెలుపు రావడానికి రెండు మూడేళ్లు పడుతుందనీ, అంతదాకా ఇటుకరంగులో ఉంటుందనీ తర్వాత తెలిసింది. అలాంటి ఎర్రవాటిని బన్నేరుఘట్టలో చాలాసార్లు చూశాను. తెల్లది మాత్రం తక్కువ.

సెలవుల్లో ఒక రోజు చిన్నాయనతో చేనికి పోవడం ఉండేది. నల్లరేగడిలో జొన్న కంకి వేసి ఉండేది. పాలకంకి మీదికి పలిస పిట్టలు దిగుతాయి. గులాబిరంగు ఒళ్లు, నల్ల తల, గోరింకల జాతి. మధ్య ఆసియా దేశాల నుంచి వస్తాయి. అక్కడ మిడతల్ని తిని రైతుకు మేలు చేస్తాయట, ఇక్కడికి వచ్చేసరికి మన జొన్న మీద పడతాయి. వేలకొద్దీ ఒకేసారి లేచి, ఒకేసారి మలుపు తిరిగి, చేను ఆ చివర దిగేవి. చిన్నాయన మంచె మీద నిలబడి వడిసెల తిప్పి రాయి విసిరితే టప్‌మని తెగే చప్పుడు, వెంటనే ఆ రెక్కల చప్పుడు. మేము డబ్బాలు వాయించేవాళ్లం. చేను కాయడానికి వచ్చి, పిట్టలు ఇంకోసారి లేవాలని మనసులో కోరుకునేవాళ్లం. నిజానికి చిన్నాయన కూడా అంతే. కొన్నిసార్లు వడిసెల కింద పెట్టి బీడీ ముట్టించి, అవి చేను చుట్టూ తిరిగే తీరును చూస్తూ ఉండిపోయేవాడు. అబ్బ అడిగితే, "తోలినా నాయనా, పోవడం ల్యా" అనేవాడు.

ఇప్పుడు ఆ నేలలన్నీ శనగ. జొన్న వేసేవాళ్లు తగ్గారు, జొన్నరొట్టె కూడా ఇంట్లో చేసుకునేదానికంటే ప్రొద్దుటూరు, కడప రోడ్ల పక్కన కొనుక్కునేదే ఎక్కువైంది. శనగచేలో పలిసకు పెద్దగా పనిలేదు. మంచెలూ లేవు. వడిసెల తిప్పడం తెలిసినవాడు మా ఇంట్లో చిన్నాయనే ఆఖరు.

స్టార్ కట్టడం కూడా ఆయన పనే. వెదురు బద్దలతో చట్రం కట్టి, రంగుకాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టి పొడుగాటి బొంగుకు కట్టి లేపేవాడు. వెలుగుకు పురుగులు చేరేవి, పురుగుల కోసం వేపచెట్టు తొర్రలోని పైడికంటె వచ్చి ఆ బొంగు మీదే కూర్చునేది. గుండ్రటి తల, పసుపుపచ్చ కళ్లు, మనం చూస్తే తలను పైకీ కిందికీ ఆడించేది. క్యారల్స్ వాళ్లు పెట్రోమాక్స్ లైటు, డోలక్‌తో వచ్చేటప్పటికి రాత్రి ఒంటిగంట. పాట ఎత్తుకోబోయిన పెద్దమనిషి ఒకాయన దాన్ని చూసి, గూబ కూర్చుంది, అపశకునం, పక్కింటికి పోదాం అన్నాడు. జేజికి చిర్రెత్తింది. "ఏసు పుట్టిన రాత్రి శకునాలేంటియ్యా, పాడేది పాడి కాఫీ తాగి పో" అంది. పాడారు. పైడికంటె మూడు చరణాలూ విని, నాలుగోదానికి ఎగిరిపోయింది. నాలుగోది ఎప్పుడూ శ్రుతి తప్పేది.

అబ్బ పోయాక కూడా కొన్నేళ్లు జేజి నూకలు చల్లింది. ఆమె తర్వాత మిద్దె కారడం మొదలైంది. చిన్నాయన దాన్ని పడగొట్టి స్లాబు వేయించాడు, తప్పు పట్టడానికేం లేదు, వానాకాలం ఆ ఇంట్లో పడుకున్నది ఆయన గానీ మేము కాదు. కొట్టం గోడ కూల్చేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. సున్నం పెళ్లలు పెళ్లలుగా ఊడింది. ఒక పెళ్ల తిప్పి చూస్తే లోపలి పొరలో నల్లటి గీతలు కొన్ని కనబడ్డాయి. ఏ ఏటివో? నాలుగు గీతలు, వాటి మీద అడ్డగీత. కూలీ ఆయన దాన్ని గంపలోకి ఎత్తేశాడు. బోరు వేశాక బావికి పైన బండ కప్పేశారు. కొత్త ఇంటికి దంతెలు లేవు, గవాచి లేదు, పిచ్చుకలు రెండేళ్లు కిటికీల చుట్టూ తిరిగి మానుకున్నాయి. తొట్టి మాత్రం ఉంది, చాలా బరువని ఎవరూ కదిలించలేదు.

ఈమధ్య చిన్నాయన కొడుకు ఆ తొట్టిలో మళ్లీ నీళ్లు నింపుతున్నాడు. వాడి కూతురు ఫోన్లో ఏదో యాప్ పెట్టుకుని, పిట్ట కూస్తే ఫోన్ ఎత్తి చూపిస్తుంది, అది ఇంగ్లీషు పేరు చెప్తుంది. తెలుగు పేరు కోసం నాకు ఫోన్ చేస్తుంది. "పెదనాయనా, బ్లాక్ రెడ్‌స్టార్ట్ అంటే?" చలిపిట్ట అన్నాను. అది ఎక్కడా లేదే, గూగుల్లో కూడా రావడం లేదే అంది. రాదులే, మన పెరట్లోదే అన్నాను. పంచాయితీ పిట్టల పేరు మాత్రం బాగా నచ్చింది, క్లాసులో అందరికీ చెప్పిందట. ఈ డిసెంబరుకు రమ్మని పట్టుబట్టింది. లెక్క రాయడానికి గోడ లేదు కాబట్టి ఫ్రిజ్ తలుపు మీద రాద్దామంది. వాళ్లమ్మ ఒప్పుకోవడం అనుమానమే.

ఆ ఉత్సాహంలోనే మొన్న పెద్దత్త కొడుక్కు ఫోన్ చేశాను. వాడు ఇప్పుడు కర్నూలులో ఉంటాడు. మాటల్లో తెల్లపిట్ట వచ్చింది. జామచెట్టు మీద వాలింది కదరా అన్నాడు. దానిమ్మ మీద రా అన్నాను. జామ అంటాడు, కొమ్మతో సహా చెప్తాడు. అరగంట వాదించుకుని, ఇది తేలదని చిన్నత్తను కాన్ఫరెన్స్‌లోకి తీసుకున్నాం. ఆమెకు ఎనభై దగ్గర పడుతున్నా జ్ఞాపకశక్తి విషయంలో మా ఇంట్లో ఆమెదే చివరి మాట.

అంతా విని, "జామా లేదు, దానిమ్మా లేదు" అంది. "అది తొట్టి మీద వాలింటే నేను, మీ అబ్బ చూసినాం. మీరిద్దరూ లోపల కజ్జికాయల డబ్బా దగ్గర ఉన్యారు."

అటువైపు నుంచి వాడు, "అత్తా, నువ్వు ఇంకో ఏడు సంగతి చెప్తాండావు" అన్నాడు. నేనూ అదే అన్నాను. మొదటిసారి మేమిద్దరం ఒక మాట మీద ఉన్నాం. ఆమె వినలేదు. డబ్బా ఏ రంగుదో కూడా చెప్పింది.